ఉప్పు డబ్బాకు ఆనించిన ఫోను

మాది మొగల్తూరు దగ్గర పల్లెటూరు. కీళ్లవాతంతో నా వేళ్లు వంకర్లు పోయాయి. నాలాంటి జబ్బున్న ఆడవాళ్లమంతా మధ్యాహ్నం వీడియో కాల్‌లో కష్టసుఖాలు చెప్పుకుంటాం. ఎక్కువసేపు పట్టుకోలేక ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి, స్పీకరు పెట్టుకుంటాను.

పోయిన వేసవిలో మా ఆడపడుచు వచ్చింది. నేను కాల్‌లో ఉండగానే, "చేపలు బాగుచెయ్యడానికి రాని వేళ్లు, పులుసు కలుపుకోడానికి మాత్రం బాగా వస్తాయేంటి వదినా? అది వాతం కాదు, బద్ధకం!" అంది. అవతల అందరూ విన్నారు. నాకు తల తీసేసినట్టయింది.

"ఏమండోయ్, ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకు చూసి మాట్లాడండి," అన్నారు ఫోనులోంచి భీమవరం రత్నంగారు.

"మా ఇంటి గొడవ మీకెందుకండీ? ఈ ఫోను ఇక మా అన్నయ్య దగ్గరే ఉంటుంది," అంటూ మా ఆడపడుచు లాక్కోబోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను. ఆమె నా వేళ్లు విడదీయబోయింది. కర్రల్లా బిగుసుకున్న ఆ వేళ్లను ఆమె ముట్టుకోవడం అదే మొదలు. చటుక్కున చెయ్యి తీసేసుకుని వెళ్లిపోయింది.

ఫోను నా దగ్గరే ఉంది. కానీ ఎన్నడూ ఎదురుపడనివాళ్లు చెప్పగానే నమ్మిన నొప్పిని, ఇంట్లోవాళ్లు ముట్టుకుంటే గానీ నమ్మలేదు. ఆ మంట నాకింకా చల్లారలేదు.