చెయ్యి పడిన ఫొటో

గడ్డం మాస్టారికి గడ్డం లేదు, రోజూ నున్నగా గీసుకుంటాడు. ఫొటో తీసేముందు ఎంతటివాడి గడ్డమైనా పట్టుకుని సరిచేస్తాడని వీధి పెట్టిన పేరది. ముప్పై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫొటోలే ఆయనకి కూడు పెడుతున్నాయి. తెల్ల తెర, తిన్నని తల, తెరిచిన కళ్ళు, నవ్వకూడదు. ఆయనకి తెలిసిన శాస్త్రం అంతే.

అలాంటి మనిషి నెత్తిన కూతురు పిడుగు వేసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రోగులు కూర్చునే హాల్లో గోడకి పెద్ద ఫొటో కావాలట. "నమ్మకం కనబడాలన్నారు నాన్నా. మా నాన్న తీస్తాడని మాటిచ్చేశాను. సోమవారానికి ఇవ్వాలి."

"నమ్మకం ఏ సైజులో ఉంటుందే తల్లీ?" అన్నాడు. కూతురు నవ్వలేదు. పిల్ల మాట పోతే? నలుగురిలో తలదించుకుంటే?

పక్కకొట్టు టైలరునీ, అతని తమ్ముణ్ణీ పిలిచి చేతులు కలపమన్నాడు. ఏదో స్థలం బేరం కుదిరినట్టు వచ్చింది. నిచ్చెనెక్కిన పెయింటర్నీ, కింద పట్టుకున్నవాణ్ణీ తీశాడు. చూస్తే భయమేసింది గానీ నమ్మకం కలగలేదు. ఇదెక్కడి గొడవరా నాయనా! కంటికి కనబడేదాన్ని తీయమంటే తీస్తాడు గానీ, మనసులో ఉండేదాన్ని తెచ్చి స్టూలు మీద ఎలా కూర్చోబెడతాడు?

ఆదివారం సాయంత్రం ఏమీ పాలుపోక, లైటన్నా చూసుకుందామని భార్యని కూర్చోబెట్టాడు. కుడిచేతిలో కెమెరా వైరు బటను, ఎడమచేత్తో ఆవిడ గడ్డం సవరిస్తున్నాడు. పొరపాటున బటను నొక్కుకుపోయింది. కెమెరాలో చూస్తే ఆవిడ గడ్డం కింద తన చెయ్యి, పైగా ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఒకటికి రెండు తప్పులు!" అని తుడిపేయబోయాడు.

"ఆగు నాన్నా!" వెనకే ఉన్న కూతురు చెయ్యి పట్టేసుకుంది. "ఇదే కావాలి."

"మతిగానీ పోయిందా? ఇందులో నమ్మకం ఎక్కడుందే?"

కూతురు అమ్మవైపు చూసింది.

"మీ చెయ్యి గడ్డం కిందికొస్తే నాకు కళ్ళు మూతపడిపోతాయి, పెళ్ళైన కొత్తలోనూ అంతే," అంది ఆవిడ సిగ్గుపడుతూ. "మీరు చూస్తున్నారుగా, ఇంక నేను చూసేదేముంది?"

ఆయనకి సగం అర్థమైంది, సగం కాలేదు.

సోమవారం ఆ ఫొటో గోడకెక్కింది. మంగళవారం కొట్టు తెరవగానే ఓ పెద్దమనిషి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అలవాటుగా గడ్డం వైపు చాచిన చేతిని, భార్య మూసుకున్న కళ్ళు గుర్తొచ్చి, మాస్టారు సగంలోనే వెనక్కి తీసుకున్నాడు.

"మీరే కాస్త పైకెత్తండి బాబూ," అన్నాడు.