ఇస్సాకు, లూదియా, ఒక కొత్త కెమెరా

రెండువేల ఆరు ఆగస్టు నెలలో ఇస్సాకు రీళ్లు కడిగించుకోవడానికి నంద్యాల కలర్ ల్యాబ్‌కు పోయినప్పుడు, ల్యాబ్ నడిపే సంజీవయ్య అతన్ని కంప్యూటర్ దగ్గరికి పిలిచి ఒక బొమ్మ చూపించాడు. నికాన్ వాళ్లు డి80 అనే కొత్త డిజిటల్ కెమెరా రాబోతోందని అప్పుడే చెప్పారు. ఇంకా మన దిక్కు రాలేదు. నల్లగా, చేతికి నిండుగా ఉండేటట్టు కనపడింది. ఇస్సాకు నిలబడినవాడు అట్లే కాసేపు నిలబడిపోయాడు.

ఆళ్ళగడ్డలో అతనిది చిన్న స్టూడియో. తొంభైల మొదట్లో నంద్యాలలో ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో స్టూడియో వెనక చీకటి గదిలో ఎర్రబుడ్డి కింద ఫొటోలు కడిగేది అతని భార్య లూదియానే. రంగుల కాలం వచ్చి కడగడం ల్యాబుల పాలైనాక ఆమె ఆల్బములు అంటించడం, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడం చూసుకునేది. బడి పిల్లల గ్రూపు ఫొటోలు, పెళ్లిళ్లు, అహోబిలం తిరునాళ్లు, చివరికి శవాల ఫొటోలు కూడా ఇస్సాకే తీసేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో గోడకు దండేసిన పటాల్లో అతను తీసినవి ఎన్నో.

అయితే పెళ్లిళ్లు చేసేవాళ్లు ఇప్పుడు 'డిజిటలేనా?' అని అడుగుతున్నారు. కాదంటే నంద్యాల పోతున్నారు. కెమెరా మార్చక తప్పదని ఇస్సాకుకు తెలుసు. ఏది కొనాలన్నదే తెగలేదు. అదే నెలాఖరుకు కెనాన్ వాళ్లు 400డి అని ఇంకొకటి చెప్పారు. అది లోపల పడ్డ దుమ్ము తనంతట తానే దులుపుకుంటుందట. వీధి వీధినా రాయి చెక్కే ఆళ్ళగడ్డలో అది చిన్న మాట కాదు. ఇంకోపక్క సోనీ వాళ్లది. చెయ్యి వణికినా బొమ్మ చెదరకుండా కాపాడే ఏర్పాటు దాంట్లోనే ఉందట.

ఇస్సాకు మనసు మాత్రం డి80 మీదే. దానికి కారణం వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ. డి80 కిటికీ పెద్దదనీ, లోపల అచ్చమైన గాజుపట్టకం ఉండటంతో వెలుగు ఎక్కువనీ సంజీవయ్య చదివి చెప్పాడు. అన్నం తినేటప్పుడు, స్టూడియో ఊడ్చేటప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు ఇస్సాకుకు ఇదే ధ్యాస.

"నీ పాత లెన్సు దానికి పడ్తాదా?" అని అడిగింది లూదియా.

"పడ్తాది. కానీ ఎలుతురు కొలిచి చెప్పదంట. అది మనమే సూసుకోవాల."

"ఇన్నాళ్లూ మనమే గదా సూసుకునింది."

"అదే నేననేది," అని నవ్వాడు ఇస్సాకు.

పెద్ద కిటికీ మీద అంత ఆశ ఎందుకంటే, ఏడాదిగా అతని పాత కెమెరా కిటికీ మసకగా అనిపిస్తోంది. అంచుల్లో నల్లగా ముసురుకుంటోంది. రెండుసార్లు ఇప్పించి తుడిపించాడు. కొన్నాళ్లు బాగైందనుకునేవాడు, మళ్లీ అంతే. ఆ శీతాకాలం దొర్నిపాడులో రామమ్మ అనే ఆమె కూతురు సుమలత పెళ్లి తీశాడు. ఫొటోలు కడిగించి చూస్తే తలంబ్రాల దగ్గరనుంచి సగం ఫొటోల్లో మొగాలు అలుక్కుపోయి ఉన్నాయి. వెనక పందిరి గుంజలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

రామమ్మ స్టూడియోకు వచ్చి ఒక్కొక్కటే చూసింది. "మా అమ్మి మొగం యాడన్నా?" అంది.

"కెమెరా పాతబడిపోయిందమ్మా," అన్నాడు ఇస్సాకు. నిజంగానే అట్లా నమ్మి ఆ మాట చెప్పాడు.  రామమ్మ బాగున్నవి మటుకు ఏరుకుని కొంగులో కట్టుకుని పోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఇస్సాకుకు. ఆ రోజే కొత్త కెమెరా కొనాలని గట్టిగా అనుకున్నాడు.

సంక్రాంతి దాటినాక హైదరాబాదు నుంచి ఒక వ్యాపారి మూడు కెమెరాలూ పట్టుకుని సంజీవయ్య ల్యాబ్‌కు వస్తున్నాడని కబురొచ్చింది. ఇస్సాకు లూదియాను కూడా వెంటబెట్టుకుని పొద్దున బస్సెక్కాడు. ల్యాబ్ నిండా ఫొటోగ్రాఫర్లే. ఇస్సాకుతో కలిసి పని నేర్చుకున్న ప్రతాప్ కూడా వచ్చాడు. రెండేళ్ల కిందటే డిజిటల్‌కు మారినవాడు, కెనాన్ తప్ప ఇంకోటి తాకడు.

"ఏమన్నా, ఆ నికాన్ మోజు ఇంకా తీరల్యా నీకు?" అన్నాడు ప్రతాప్.

"ముందు సూడనీప్పా," అన్నాడు ఇస్సాకు.

ముందుగా సోనీ తీసుకుని కంటికి ఆనించాడు. వీధిలో పూలంగడి వైపు తిప్పాడు. కాసేపు చూసి పక్కన పెట్టాడు. కెనాన్ తీసుకున్నాడు. తేలికగా ఉంది, చిటికెన వేలు కిందికి జారుతోంది. అది కూడా పెట్టేశాడు. చివరికి డి80 రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాన్ని మాత్రం చాలాసేపు కంటికి పెట్టుకునే ఉన్నాడు. దించి, పైపంచెతో కిటికీ తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది గూడా మసకే," అన్నాడు మెల్లగా.

వ్యాపారి మొగం చిట్లించాడు. ప్రతాప్ ఆ కెమెరా అందుకుని చూశాడు. "మసకేందన్నా! అద్దం మాదిరి ఉండాది." లూదియా చెయ్యి చాపితే ఆమెకిచ్చాడు. ఆమె పూలంగడి వైపు చూసింది. "బాగా కనపడ్తాందే. మల్లెచెండు గూడా కనపడ్తాంది. దారం పోగులు గూడా."

 ప్రతాప్ దగ్గరికి వచ్చి, "అన్నా, ఎడమ కన్ను మూసుకో," అన్నాడు. ఇస్సాకు మూసుకున్నాడు. ఎప్పుడూ మూసేది ఆ కన్నే, ఫొటో తీసేటప్పుడు.

"నా చెయ్యి యాడుంది?"

ఇస్సాకు వెతికాడు. చెయ్యి అతని మొగం పక్కనే ఉంది.

ఆ మధ్యాహ్నమే ప్రతాప్ తన స్కూటరు మీద ఇస్సాకును కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. లూదియా వెనకే ఆటోలో వచ్చింది. నీటికాసుల జబ్బు అన్నాడు డాక్టరు. నొప్పి లేకుండా, చెప్పకుండా కుడికంటి నరాన్ని తినేసిందట. పోయిన చూపు రాదు. ఎడమ కంటికీ మొదలైంది, బతికినన్నాళ్లూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. "ఇన్నాళ్లూ తెలియలేదా?" అని అడిగాడు డాక్టరు.

"కెమెరా చెడిపోయిందనుకుంటి సార్," అన్నాడు ఇస్సాకు.

 తిరిగొచ్చేటప్పుడు బస్సు శిరివెళ్ళ దాటినాక ఇస్సాకు ఒకసారి ఎడమ కన్ను మూసుకుని కిటికీలోంచి చూశాడు. పసుపు చేలుండాల్సిన చోట మబ్బు లాంటిది కదిలింది. లూదియా అతని మోచెయ్యి పట్టుకుంది. కన్ను తెరిచాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు స్టూడియో తలుపు తియ్యలేదు. వచ్చినవాళ్లకు ఒళ్లు బాగలేదని లూదియానే చెప్పి పంపింది. ఒక ఆదివారం గుడినుంచి వచ్చినాక ఆమె చీర కూడా మార్చుకోకుండా అతని ఎదురుగా కూర్చుంది.

"కెమెరా కొందాం," అంది.

"ఎవరికి?"

"నాకు."

ఇస్సాకు ఆమె మొగంలోకి చూశాడు. చీకటి గదిలో ఆమె కడిగిన ఫొటోల్లో నలుపు ఎంతుండాలో, తెలుపు ఎంతుండాలో ఏనాడూ తప్పలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. కెమెరా ఒక్కసారైనా ఆమె చేతికి ఇవ్వలేదన్న సంగతి అప్పుడే తోచింది.

"జనం ఏమంటారో," అన్నాడు.

"ఫొటో బాగుంటే ఏమంటారు?"

మళ్లీ కెమెరాల బేరీజు మొదలైంది. ఈసారి ఇస్సాకు ఆమె చేతులు చూసి లెక్క వేశాడు. "కెనాన్ తీసుకో. చిన్నది, తేలిక. పెండ్లిలో పొద్దస్తమానం మెడకేసుకుంటే నికాన్ బరువవుతాది. ప్రతాప్‌ది గూడా అదే, ఏదన్నా తెల్దంటే చెప్తాడు." ఇన్ని నెలలు తాను ఆశపడినదాన్ని ఒక్కసారిగా వదిలేసుకున్నాడు.

నంద్యాలలో లూదియా రెండూ పట్టుకు చూసింది. కెనాన్ ఆమె పిడికిట్లో చక్కగా ఇమిడింది. నికాన్ నిజంగానే బరువు. అయినా దాన్నే కంటినుంచి దించలేదు.

"నాకు ఇదే కావాల. దీంట్లో బాగా కనపడ్తాంది."

"బరువే, లూదియా."

"మొయ్యడం నాకు తెల్సు. సూడ్డమే నేర్చుకోవాల."



మొదటి పని చావింట్లో వచ్చింది. గోస్పాడు దగ్గర పల్లెలో రంగనాయకమ్మ అనే పెద్ద రైతింటి ముసలామె చనిపోయింది. కొడుకు వెంకటేష్ జీపు పంపించాడు. దిగిన ఇద్దరిలో కెమెరా లూదియా మెడలో ఉండటం చూసి అతను ఇస్సాకు వైపు తిరిగాడు.

"తీసేది నువ్వు గాదా అన్నా?"

"ఆమెనే. నాకు కంటిచూపు పోయింది," అన్నాడు ఇస్సాకు. ఆ మాట బయటివాళ్ల ముందు అనడం అదే మొదలు.

వెంకటేష్ తటపటాయించాడు. లోపలినుంచి వదిన కాబోలు, ఎవరో ఆడమనిషి, "ఆమెను రానీ నాయనా, మొగోళ్లయితే మేమంతా లేసి పోవాల," అంది. లూదియా లోపలికి పోయింది. ఇస్సాకు గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె కెమెరా ఎత్తి మళ్లీ దించడం మిగిలిన ఆ ఒక్క కంటికీ కనపడింది.

"ఫ్లాష్ వద్దు. ఆ తూర్పు తలుపు తెరిపించు. ఎలుతురు చెంప మీద పడనీ," అన్నాడు. "తొందరేం లేదు. ఊపిరి బిగబట్టి నొక్కు."

తలుపు తీశారు. ఏడుస్తున్న ఆడవాళ్లు కాస్త పక్కకు జరిగారు. లూదియా మోకాళ్ల మీద కూర్చుని, ముసలామె నుదుటి మీద పడ్డ వెంట్రుకను వేలితో సర్ది, కెమెరా ఎత్తింది.  ఆ ఫొటోలో రంగనాయకమ్మ మొగం మీద ఒక్కొక్క ముడత తెలిసింది. పటం కట్టించుకుపోయిన రోజు వెంకటేష్ దాన్ని చూసి, "మాయమ్మ నిద్రపోయినట్లే ఉండాది," అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పనులు ఒకటొకటిగా వచ్చాయి. సీమంతాలకు, పెద్దమనిషి అయిన ఆడపిల్లల ఫంక్షన్లకు లూదియానే కావాలనేవాళ్లు. అందరూ కాదు. పెద్ద పెళ్లిళ్లు ఇంకా నంద్యాలకే పోయేవి. ఇస్సాకు ఆమె వెంట పోయి మనుషులను సర్ది నిలబెట్టేవాడు. చుక్కలు వేసుకుంటున్నా ఎడమ కన్ను కూడా మెల్లమెల్లగా ఇరుకైంది. కొన్నాళ్లకు పెళ్లి పందిట్లో గుంజలు తగలడం మొదలైనాక స్టూడియోలోనే ఉండిపోయాడు. వచ్చినవాళ్లను గొంతుతో గుర్తుపట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టి సరిచేసేవాడు. కొన్ని రోజులు మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. లూదియా కూడా పలకరించేది కాదు, పక్కన కూర్చుని ఆల్బం పని చేసుకునేది.

రెండువేల తొమ్మిదిలో వీడియో కూడా తీసే డి90 నంద్యాలకు వచ్చిందని తెలిసింది. కెనాన్ వాళ్లు కూడా వీడియో తీసే 500డి దించారు. లూదియా ఒక్కతే బస్సెక్కి పోయింది. పదకొండు దాటినాక ఇస్సాకు సెల్లు మోగింది.

"రెండూ చేతిలోనే ఉండాయి," అంది లూదియా. "యాది తీసుకోమంటావ్?"

"నన్నడగాకు. నీకు తెల్సు."

"సరే."  తర్వాత, "నికాన్ కంటికి పెట్టుకున్యా," అంది.

ఇస్సాకు ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. "ఏం కనపడ్తాంది?"

"రోడ్డు. రిక్షా మీద బియ్యం మూటలు. ఒకాయన గొడుగు మరమ్మతు చేస్తాండాడు."

"గొడుగు ఏం రంగు?"

"నలుపు. తెరిచి పట్టుకున్యాడు. చిల్లిలోంచి ఎండ ఆయప్ప మొగం మీద పడ్తాంది."

"తియ్యి," అన్నాడు ఇస్సాకు.