నడిసముద్రంలో కాకి కోసం

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నిజానికి అవి ఈ మధ్య రోజులే, ఆ ఓడ ఫొటోలు ఇంకా నా ఫోన్లో ఉన్నాయి. కానీ అప్పటి నేను మాత్రం ఇప్పటి నాకు ఎప్పటివాడోలా కనిపిస్తాడు. ఇరవై నాలుగేళ్లు, కొత్త ఉద్యోగం, మెడలో ఆఫీసు కార్డు (ఆదివారం కూరగాయలకు వెళ్లేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు), అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ సలహాలు. అలాంటి మేధావిని పిడికెడు అన్నం ఎన్ని తిప్పలు పెట్టిందో చెబుతాను. మీరు నవ్వండి, పరవాలేదు. నేను కూడా కొన్నిచోట్ల నవ్వుతాను.

మాది పుదుచ్చేరిలో ముదలియార్‌పేట. నాయనకు తాళ్లు, మేకులు అమ్మే కొట్టు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, కింది వాటాలో మేనత్త ఉండేది. నాయన రోజూ సాయంత్రం బీచి రోడ్డుకు వెళ్లి, గోడ మీద కూర్చుని నీళ్లను చూసి వచ్చేవాడు. "అరవై ఏండ్లుగా దీన్ని బయట్నించే చూస్తాండా రా, లోపలికి పోతే ఎట్లుంటుందో" అనేవాడు. అందుకని మొదటి బోనస్ రాగానే, చెన్నైలో ఎక్కించుకుని రెండు రాత్రులు సముద్రంలో తిప్పి తెచ్చే విహార ఓడలో మా ఇద్దరికీ ఒక గదికి టికెట్లు తీశాను. తీసిన రోజు మధ్యాహ్నం ఆఫీసు మిత్రులు పార్టీ కావాలంటే హోటలుకు తీసుకెళ్లాను. నేను ఇంటికి రానిదే నాయన ముద్ద ఎత్తేవాడు కాదు. ఒంటిగంటకు ఫోన్ చేసి "యాడున్నావు రా?" అన్నాడు. "వస్తాండా నాయనా, నువ్వు తిను" అన్నాను, నోట్లో బిర్యానీ పెట్టుకుని. మూడింటికి అత్త ఫోన్ చేసింది. నాయనకు గుండె ఆగిపోయిందట. నేను వెళ్లేసరికి కంచంలో అన్నం వడ్డించింది వడ్డించినట్టే ఉంది, మీద మూత కూడా తీయలేదు. ఇందులో నవ్వడానికేమీ లేదు, ఉంటే ఈపాటికి నేనే కనిపెట్టి ఉండేవాణ్ణి.

మా ఇళ్లల్లో అమావాస్యనాడు పోయినవాళ్ల పేరున కాకికి ముద్ద పెడతారు. అది తిన్నాకే ఇంట్లో వాళ్లు తినాలి. అంతకుముందు ఈ ఆచారాన్ని ఎగతాళి చేసిన నేనే, నాయన పోయాక అత్తకంటే పట్టుదలగా తయారయ్యాను. ఆకలితో పోయిన మనిషికి నెలకొక ముద్దయినా అందాలి కదా. ఇక ఓడ టికెట్లేమో పేరు మార్చరు, వాపసు తీసుకోరు. "ఆయన ఆశపడింది గదా, నువ్వన్నా పోయి చూసిరా" అంది అత్త. నేను పెట్టె సర్దాక గానీ ఆవిడ కేలండరు చూడలేదు.

"అమాసనాడా రా నువ్వు నడిసముద్రంలో ఉండేది? కాకికి యాడ పెడతావు?"

"ఓడంటే ఏందనుకున్నావత్తా? పెద్ద హోటలు. తిండి ఉండే చోటికి కాకి రాకుండా యాడికి పోతుంది?"

అత్తకు నమ్మకం కుదరలేదు గానీ, ఒక పొట్లంలో నల్లనువ్వులు కట్టిచ్చింది. ఓడ ఎక్కాక గదిలో రెండు మంచాలు, రెండు దిండ్లు, హంసల్లా మడిచిన రెండు తువ్వాళ్లు నన్ను పలకరించాయి. రాత్రంతా పక్క మంచం వైపు తిరగకుండా పడుకున్నాను.

మర్నాడు అమావాస్య. తెల్లవారగానే స్నానం చేసి, వంటవాళ్లను బతిమాలి తెల్లన్నం తెచ్చుకుని, నువ్వులు కలిపి ముద్ద చేసి, కాగితం ప్లేటులో పెట్టుకుని పైడెక్కు ఎక్కాను. ఎడమకు నీళ్లు, కుడికి నీళ్లు. ఇంటి దగ్గర వడియాల మీంచి తోలినా తోలినా పోని జాతి, ఇక్కడ పిలిచినా పలకలేదు (పిలిచాను కూడా, కా కా అని. పక్కన యోగా చేస్తున్న దంపతులు చాప ఎత్తుకుని వెళ్లిపోయారు). తొమ్మిది గంటలకు మైకులో కుడిచేతి వైపు దూరంగా పుదుచ్చేరి ఉందన్నారు. ఏమీ కనిపించకపోయినా అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ వేళకు మా మేడ పిట్టగోడ మీద కాకి వచ్చి కూర్చుని, ఎవరూ రాలేదేమని చూస్తుంటుంది. నేనేమో అన్నం పట్టుకుని ఇక్కడ.

కాసేపటికి తెల్ల చొక్కా వేసుకున్న ఒక అధికారిణి వచ్చి, ఒంటరిగా వచ్చారా, టిఫిను ఎందుకు తినలేదు అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో ఉన్న సంగతే చెప్పాను: ముందు మా నాన్న తినాలి, ఆ తర్వాతే నేను. మీ నాన్నగారు ఎక్కడున్నారంది. అప్పుడే దూరంగా ఏదో నల్లగా కదిలినట్టుంటే అటు చెయ్యి చూపించాను. ఆమె సముద్రాన్ని చూసింది, నన్ను చూసింది, ముఖం పాలిపోయింది. పావుగంటలో డాక్టరు వచ్చి బీపీ చూశాడు. రెయిలింగు పక్కనున్న కుర్చీలన్నీ తీసేశారు. నారింజ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన్ని నాకు పది అడుగుల దూరంలో కాపలా పెట్టారు. నేను ఎటు వెళితే ఆయనా అటే. బాత్రూముకు వెళితే తలుపు బయట నిలబడి దగ్గేవాడు.

సాయంత్రం నాలుగయింది. ముద్ద ఎండి పెళుసెక్కింది, నాకు కళ్లు తిరుగుతున్నాయి. నాయన్ని రెండోసారి పస్తు పెట్టానన్న మాట మనసులో పడగానే ఇక ఆపుకోలేకపోయాను. నలుగురూ చూస్తుండగా, ప్లేటు పట్టుకునే, నాయనా నాయనా అని ఏడ్చాను. నారింజ చొక్కా దగ్గరికొచ్చాడు.

"ఏటి బాబూ, తెలుగోరా? మాది సికాకులం వైపు."

తెలుగు మాట వినేసరికి బిర్యానీతో సహా మొత్తం చెప్పేశాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"కాకి ఇంత దూరం ఎందుకొస్తాది బాబూ. పదకొండేళ్లయ్యింది నాను ఓడలెక్కి, ఒక్కదాన్నీ చూడ్లేదు. పోనీ నువ్వైనా ఏటైనా తిను. నువ్వు తింటే నాకూ భోజనానికి ఇడుపు దొరుకుతాది."

"మీరు తినలేదా?"

"నిన్ను ఇడిసి కదలొద్దన్నారు గదేటి. పొద్దున టీ తాగినోణ్ణి."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, ఎండగా ఉందని చెప్పినట్టు చెప్పాడు. నాయన వయసు మనిషి. నేను తింటే తిందామని పొద్దున్నుంచి నన్నే చూస్తూ నిలబడ్డాడు, నేనేమో ఆకాశం చూస్తున్నాను. ప్లేటు ఆయన ముందుకు చాపాను. "ఇది పోయినవాళ్ల పేరున పెట్టింది, మీకు పట్టింపు ఉంటుందేమో" అన్నాను.

"ఆకలికి పట్టింపేటి బాబూ" అని సీసా నీళ్లతో చెయ్యి కడుక్కుని, గొంతుక్కూర్చుని ఎండిన ముద్ద చిదుపుకుని తిన్నాడు. చివరి మెతుకు దాకా చూశాను. "ఇంకాసింత దొరుకుతాదా?" అన్నాడు. అన్నం కోసం నేను భోజనాల హాలుకు పరిగెత్తాను. నన్ను ఒంటరిగా వదలకూడదు గనక ఆయనా నా వెనకే పరిగెత్తాడు. అది చూసి తెల్ల చొక్కా అధికారిణి, ఆమె వెనక డాక్టరు. అన్నం గిన్నె దగ్గర నేను ఆగేసరికి నలుగురం రొప్పుతున్నాం.

ఇంటికి రాగానే అత్త అడిగింది: "కాకి తినిందా రా?"

"తినిందత్తా."

"కడుపు నిండా?"

"నిండా. ఇంకోసారి అడిగి పెట్టించుకునింది."

అత్త కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. అబద్ధం చెప్పానని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ఇప్పుడు మధ్యాహ్నం మీటింగు ఎంత ముఖ్యమైనదైనా వేళకు లేచి, అత్తతో కలిసి తినడానికి ఇంటికి వెళతాను. తిండిపోతునని వెనక అనుకుంటారు, అనుకోనీ. ఒక్కోసారి ఆ బిర్యానీ హోటలు ముందు నుంచి వెళుతుంటే, మెడలో కార్డుతో ఆ కుర్రాడు ఇంకా లోపల కూర్చున్నట్టే ఉంటుంది. లేచి ఇంటికి నడువు రా అని భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా తలాడించి ఇంకో ముద్ద పెట్టుకుంటాడని తెలుసు. తిట్టబుద్ధి కాదు, నవ్వొస్తుంది. వాడికి ఇరవై నాలుగేళ్లు, నాయన ఎప్పటికీ ఉంటాడనే అనుకుంటున్నాడు.