ఓమా అంటే గడ్డ

పొద్దున్నే ఫోన్ తెరిస్తే మా వదిన స్టేటస్. వాళ్ళ పాప "హిప్పో... పొట... మస్" అని విరిచి విరిచి చెప్తా ఉండాది. వెనకాల వదిన గొంతు: "తోక నుంచి పట్టుకోమ్మా, తోక నుంచి!" ఒళ్ళు మండింది నాకు. ఫోన్ మంచం మీదికి విసిరికొట్టి, మళ్ళీ నేనే తీసుకోని ఇంకోసారి చూసినా.

ఆ తోక విద్య నాకూ ఆమే నేర్పింది. అన్నను పెళ్ళి చేసుకోని తిరుపతిలో మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. నేను విజయవాడ హాస్టల్లో డాక్టర్ సీటు కోసం చదవతా, సెలవలకు ఇంటికొస్తా ఉన్నా. నోరు తిరగని మాట వస్తే పుస్తకం గోడకేసి కొట్టేవాణ్ణి. వదిన మునక్కాయలు కోస్తానే పిలిచేది. "ఏమప్పా, అంత పొడుగుది అట్నే మింగుతావా? ముక్కలు చెయ్." కత్తి దెబ్బకొక ముక్క. గ్యాస్ట్రో, ఎంటర్, ఐటిస్. కడుపు, పేగు, వాపు. చివర్లో ఐటిస్ ఉంటే వాపు, ఎక్టమీ ఉంటే కోసి తీసెయ్యడం, ఓమా ఉంటే గడ్డ. మా నాయన పేపర్ పక్కన పెట్టి నవ్వేవాడు: "సాంబార్లోకి ఇంగ్లీషు గూడా ఏస్తావా ఏందిమ్మా?"

పరీక్ష ఇంకో రెండు నెలలు ఉందనంగా నాయనకు కడుపునొప్పి. ఆస్పత్రి వరండాలో డాక్టరు వదినతో ఏదో అంటా ఉంటే, ఆ గోలలో మాట తోక ఒక్కటే నా చెవిన పడింది. ఫోన్ తీసినా, కానీ తోక ఒక్కటే కొడితే ఏమొస్తాది? ఆమెనే అడిగినా. "వదినా, ఓమా అన్నాడే. గడ్డా?"

తడుముకోనైనా లేదు ఆమె. "గ్లకోమా యాడొస్తాది? కంట్లో. అది గడ్డా? కాదు గదా. ఓమా ఉండేవన్నీ గడ్డలు గావప్పా. మామకు అల్సర్, అంతే. నువ్వు హాస్టల్‌కు పో."

నేర్పినామె చెప్పింది, నమ్మినా. నాయనే రేణిగుంట దాకా వచ్చి విజయవాడ రైలెక్కించినాడు. ఆదివారం ఫోన్ చేస్తే "బాగుండానప్పా, సదువుకో" అనేవాడు. పరీక్ష రాసి ఇంటికొస్తే నన్ను చూస్తా ఉన్నాడు గానీ మాట లేదు. పేగులో గడ్డంట. ఆ వారమే పోయినాడు.

కర్మలయినాక వదిన మీదికి పోయినా. "మామే చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడప్పా" అని ఏడ్చింది.

"చెప్పొద్దన్నాడు, సరే. నువ్వు నేర్పిన చదువుతోనే నన్ను మోసం చెయ్యమన్నాడా?"



సీటొచ్చింది. మొన్న క్లాసులో గ్లకోమా పాఠం జరిగింది. నిజంగానే గడ్డ కాదు. వదిన చెప్పిన ఆ మాటలో అబద్ధం లేదు, నిజాన్ని తెచ్చి నాకు అడ్డం పెట్టింది. అదే ఇంకా అరగలేదు నాకు. పరీక్ష పోయుంటే మరుసటేడు మళ్ళీ రాసుండేవాణ్ణి. నాయనతో ఆ రెండు నెలలు మాత్రం ఏ ఏడాదీ మళ్ళీ పెట్టరు.