మూడు ముక్కులు, ఒక చొక్కా

సినిమాలలో దుస్తుల విభాగంలో పనిచేసే నా మేనకోడలు సుజాత, చెమట కంపు కొట్టే చొక్కాను కథానాయకునికి అందించిందట. ఆమెను తొలగించబోతున్నారని తెలిసి, పట్టరాని కోపంతో రాజమండ్రిలో రాత్రి రైలెక్కాను. శుభ్రత విషయంలో ఆమెకు వంకపెట్టినవారు ఇంతవరకు లేరు. రైలుపెట్టె నిండా ఒళ్లో కంప్యూటర్లతో సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లే.

ఉదయం ఆరున్నరకు సికింద్రాబాదులో దిగి, ఇడ్లీ తిని, ఆటో ఎక్కాను.

"గింత పొద్దుగాల ఫిలింనగర్ దిక్కు ఎందుకు పెద్దాయనా? హీరోలు ఇంకా లేవరు" అన్నాడు ఆటో అతను.

కృష్ణానగర్‌లోని గదిలో సుజాత పని పద్ధతి వివరించింది. ఒకే సన్నివేశాన్ని కొన్ని రోజులు తీస్తారు. చొక్కా మీద తాము పెట్టిన దుమ్ము మరకలు మారకూడదు కనుక అన్నాళ్లూ ఉతకరు. ఎండలో ఆరవేసి, వాసన చూసి ఇస్తారు.

"నాకేమీ వాసన రాలేదు మామయ్యా. వస్తే ఇస్తానా?"

ఫిర్యాదు వచ్చిన కొత్తలోనే నేను ఫోనులో బలవంతపెడితే, ముక్కులో లోపముందేమో తేల్చుకోవడానికి ఆమె జూబ్లీహిల్స్‌లో జన్యుశాస్త్రవేత్త అయిన ఒక డాక్టరమ్మకు ఉమ్మి నమూనా ఇచ్చింది. ఫలితం ఆనాడు పదకొండుకు. మేమిద్దరం అక్కడికి వెళ్లేసరికి, సుజాత పిలవగా ఆమె పై అధికారి యాదగిరి కూడా ఆ చొక్కా సంచిలో పెట్టుకొని వచ్చాడు. అక్కడికి నడిచి వెళ్లేవారు ఎండ ముదరక ముందే గుట్ట ఎక్కడం మేలు.

చొక్కా బల్లమీద పరిచారు. యాదగిరి మొహం తిప్పుకున్నాడు. సుజాతకు ఏమీ తెలియలేదు. నాకు లీలగా చందనం తోచింది. ఆ మాటే చెప్పాను.

"చందనమా సారూ? జర మా హీరోకు గూడ చెప్పున్రి" అన్నాడు యాదగిరి.

డాక్టరమ్మ నవ్వలేదు. "ముక్కులో వాసనలను పట్టే గ్రాహకాలు సుమారు నాలుగు వందల రకాలండీ. ఒక్కో రకానికి ఒక్కో జన్యువు. చెమటలోని ఒక పదార్థాన్ని పట్టే జన్యువు రాతలో ఈ అమ్మాయికి రెండు చోట్ల అక్షరాలు మారాయి. అమ్మ ఇచ్చిన ప్రతిలోనూ, నాన్న ఇచ్చిన ప్రతిలోనూ. అందుకే దాని వాసన ఈమెకు అందదు. అదే పదార్థం కొందరికి కంపు, కొందరికి సుగంధం. మిగతా వాసనలన్నీ ఈమెకు మామూలుగానే తెలుస్తాయి."

యాదగిరి చొక్కా మడతపెట్టాడు. "మరకలు గీ పిల్ల పెట్టినట్టు ఎవ్వరు పెట్టరు. ఇగ వాసన నేను చూస్త. పొద్దున పనికి రా అమ్మా."

సాయంత్రం తిరుగు రైలులో కూర్చున్నాను. ఆ నటుడు అబద్ధమాడలేదు, సుజాతా ఆడలేదు. కంటికి కనిపించని రెండక్షరాలు ఒక మనిషి అన్నాన్ని శాసించబోవడమూ, వాటిని చదవగలవారు మన మధ్యనే ఉండడమూ నన్ను ఆశ్చర్యంలో ముంచాయి. రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన కోపాన్ని దించడానికి మాత్రం తగిన మనిషి దొరకలేదు.