వదిన టీ ఇవ్వని ఉదయం

మొన్న మంగళవారం తెల్లారి మా వదిన పోయింది. అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, "చిన్నాన్నా, అమ్మ లేవలేదు" అన్నాడు. వస్తున్నానని ఫోన్ పెట్టేశాను. నాకు మాటలు తక్కువ. మా ఇంట్లో నా వంతు కూడా వదినే మాట్లాడేది.

మలేసియాలో ఇపో ఊరి నుంచి కొండెక్కితే కామెరాన్ హైలాండ్స్‌లో వాళ్ల కూరగాయల తోట. వాగు నుంచి నీళ్లు తోడే చిన్న పెట్రోలు ఇంజను అన్నయ్య కొన్నది. అన్నయ్య పోయాక వదిన దాన్ని రోజూ గుడ్డతో తుడిచేది.

ఒక ఏడాది చివర, వానల రోజుల్లో అది మొరాయించింది. చలిగా పొగమంచు పట్టిన పొద్దున స్టార్టవుతుంది, కాసేపు బాగానే నడుస్తుంది, దగ్గి ఆగిపోతుంది. నేను ఇంజన్లు బాగుచేసే షాపులో పనిచేసినవాణ్ణని పిలిపించింది. వారం అక్కడే ఉన్నాను. ప్లగ్గు మార్చాను. పెట్రోలు మార్చాను. పెట్రోలూ గాలీ కలిసే కార్బొరేటరు విప్పి కడిగాను. ఎక్కడా తప్పు కనబడదు. బిగించి స్టార్టు తాడు లాగితే చక్కగా నడుస్తుంది. మర్నాడు మళ్లీ అదే దగ్గు.

కొడుకు విసిగిపోయి, అక్కడివాళ్ల అలవాటు 'లా' తగిలించి అన్నాడు: "వద్దు లా అమ్మా. ఎల్లుండి పాత ఇనుము లారీ వస్తాది. ఇచ్చేద్దాం."

వదిన నావైపు తిరిగి, "మరిదీ, అది మీ అన్న లాగిన తాడు. అది లారీ ఎక్కితే నానూ ఎక్కేస్తాను" అంది. నవ్వుతూనే అంది, కానీ చేతిలో తాడు వదల్లేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పని చేయడానికి వచ్చినవాడు ముందు టీ తాగాలి. "కడుపులో ఏడి పడకుండా ఇనుము ముట్టుకోకు" అనేది. గ్లాసు నుంచి గ్లాసుకు తిరగబోసి, నురగ తేలాకే ఇచ్చేది.

లారీ రావలసిన రోజుకి ముందురోజు పొద్దున ఇంజను ఆగింది. అలవాటుగా వంటింటి వైపు నడిచాను. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల టీ లేదు."

"ఏటి వదినా, నానేటి సేసినాను?"

"నువ్వు కాదు, నా టీయే సేసింది. నువ్వు తాగొచ్చీలోపు దాని రోగం పోతంది. దొంగ ఎల్లిపోయాక దీపం ఎడతన్నావు. ఇప్పుడే ఇప్పి సూడు. పో!"

గాలి ఫిల్టరు తీసి కార్బొరేటరు గొంతులోకి చూశాను. లోపల తెల్లగా, ఐస్ కచాంగ్ అనే చల్లటి తీపి కోసం గీకిన ఐసులా, మంచు. గాలి దారి మూసుకుపోయింది. పొగమంచులోని తడి, పెట్రోలు ఆవిరయ్యే చలువకి లోపల గడ్డకడుతోంది. చూస్తుండగానే కరిగి నీటిచుక్క అయింది. అన్నాళ్లూ నేను టీ తాగుతుంటే అది కరిగిపోయేది.

"మలేసియాలో మంచేటి!" అని కొడుకు నవ్వాడు.

"మీ నాయన ఇంజను కదరా, మంచు కురిసే ఊరెక్కడికో ఎల్లొచ్చుంటాది" అంది వదిన. అప్పుడు పెట్టింది టీ.

ఖాళీ పాలడబ్బా రేకు కత్తిరించి, సైలెన్సరు దగ్గరి వేడిగాలి కార్బొరేటరు వైపు మళ్లేలా బిగించాను. మర్నాడు లారీ వచ్చేసరికి ఇంజను నడుస్తూనే ఉంది. వదిన లారీవాడికీ టీ ఇచ్చి పంపింది.

షాపులో నాకు పని నేర్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆగిన క్షణానే చూడాలని నేర్పింది మాత్రం వదినే.

దహనమైన మర్నాడు పొద్దున తోటకి వెళ్లాను. మడులు ఎండకూడదు కదా. పొగమంచు దట్టంగా ఉంది. తాడు లాగాను. నడిచింది, ఆగలేదు. కోడలు టీ తెచ్చి ఇచ్చింది. తిరగబోయలేదు, నురగ లేదు. తాగబుద్ధికాక గ్లాసు నేను అప్పుడు బిగించిన రేకు మీద పెట్టాను. ఇంజను వణుకుకి టీ సన్నగా కదులుతూ ఉంది. కాసేపటికి గ్లాసు అంచు చుట్టూ నురగ తేలింది.