సత్తయ్య వడ్లలో తెల్లపొట్ట

2018 యాసంగి, అంటే రబీ పంట చివర నేను తిరుమలగిరి వైపు ఒక మండలంలో వ్యవసాయ అధికారిగా ఉన్నాను. విత్తనాలు, ఎరువులు, చీడపీడలు చూడటం మా పని. చుట్టాల తగాదాలు అందులో లేవు. అయినా అవి కూడా మా ఆఫీసు మెట్లే ఎక్కేవి.

సత్తయ్య, అతని బావ లింగయ్య ఒకే దుకాణంలో ఒకే రకం వరి విత్తనం తెచ్చుకున్నారు. మర పట్టిస్తే లింగయ్య బియ్యం విరగకుండా వచ్చాయి. సత్తయ్యవి చాలావరకు నూకలయ్యాయి.

“మా బావ విత్తనం సంచి మార్చిండు సారూ. మేనకోడలు పెండ్లికి నేను పోను” అని సత్తయ్య భీష్మించుకున్నాడు. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామే. లింగయ్య కూతురికున్న ఒక్క మేనమామ ఇతను. పెళ్లి ఆ వారంలోనే.

అతని గింజల నడుమ సున్నం అంటినట్టు తెలుపు ఉంది. దాన్ని తెల్లపొట్ట అంటాం. పాలు పోసుకున్న గింజలో పిండి నిదానంగా పేరుకుని గట్టిపడాలి. అప్పుడు ఎండ మండిపోయి, రాత్రిళ్లు కూడా సెగ తగ్గకపోతే పిండి రేణువులు దగ్గరగా కూడవు, సందులు మిగులుతాయి. మరలో గింజ అక్కడే విరుగుతుంది. బోరు మోటరు కాలి సత్తయ్య నాట్లు ఆలస్యమయ్యాయి, అందుకే అతని పంట ముదిరిన ఎండలకు చిక్కింది. అదే చెప్పాను.

“ఎండ నా పొలంలనే కొట్టిందా సారూ?” అని నన్ను బావ పక్షంలో కలిపేశాడు.

నాకు ఒళ్లు మండింది, కాస్త కొంటెతనమూ పుట్టింది. మోటరు కాలకముందు బోరు పక్కన అదే సంచి విత్తనంతో ఒక మడి నాటామని, దాన్ని ముందే కోసి వడ్లు విడిగా పోశామని అతని భార్య యాదమ్మ చెప్పింది. గుప్పెడు అడిగితే నవ్వు ఆపుకుంటూ ఇచ్చింది.

మర్నాడు వాళ్ల అరుగు మీద ఆ వడ్లనూ, అతని మిగతా వడ్లనూ రెండు కాగితాల్లో పోసి, ఎక్కడివో చెప్పకుండా నలిపి చూడమన్నాను. సత్తయ్య పొట్టు ఊది, గింజ కొరికి, బోరు మడి వడ్ల మీద చెయ్యి పెట్టాడు.

“గివే! గివే నా విత్తనంవి! మా బావ ఇంట్లకెల్లి తెచ్చినయే గదా సారూ?”

“మీ ఇంట్లోవే. బోరుకాడి మడివి” అన్నాను.

యాదమ్మ ఇక ఆగలేక పకపకా నవ్వింది. సత్తయ్య ఆ గింజల్ని మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. “గీ ముచ్చట మా బావకు చెప్పకుండ్రి” అన్నాడు చివరికి. నేను చెప్పలేదు. యాదమ్మ చెప్పింది.

పెళ్లినాడు సత్తయ్య పిల్లను గంపలో ఎత్తుకుంటుంటే లింగయ్య అందరికీ వినబడేలా అన్నాడు: “జర చూస్కో బామ్మర్దీ, గంప మారిపోయేను!”

ఆ తర్వాత యాసంగి నూకల ఫిర్యాదు ఏది వచ్చినా విత్తనం పేరు కన్నా ముందు నాటు ఎప్పుడు వేశారో అడిగేవాణ్ని. రెండో ప్రశ్న, ఇంట్లో పెళ్లేమైనా ఉందా అని.